రెండు గడియారాల గేటు

ఆ వారం మా కఫ్ర్ జమ్ర ఊళ్లో రెండు టైములు నడిచాయి. రమల్లాలోని మా పాలస్తీనా సర్కారు శనివారమే చలికాలపు టైము మొదలుపెట్టి గడియారాలు గంట వెనక్కి తిప్పించింది. ఇజ్రాయెల్ వాళ్లు ఇంకో వారం ఆగి తిప్పుతామన్నారు. ఒకే కొండ, ఒకే సూర్యుడు, మధ్యలో గంట తేడా. ఇదేమీ కొత్త కాదు. ప్రతి ఏడూ ఏదో ఒక గొడవ, ఎవడో ఒకడు బస్సు తప్పిపోవడం. కానీ ఈసారి ఆ గంట సరిగ్గా ఆలివ్ కోతల మీదికొచ్చి పడింది.

పెద్దావిడని ఊరంతా హజ్జా అని పిలిచే సబ్హాకి, ఇజ్రాయెల్ వాళ్లు మా చేలకి అడ్డంగా వేసిన కంచె అవతల ముప్పై ఒక్క ఆలివ్ చెట్లున్నాయి. మొగుడు పోయి తొమ్మిదేళ్లు. పోయిన ఏడు ఆమెకు కంచె దాటే పర్మిట్ వచ్చేసరికి కాయంతా రాలి, ఎండి, చీమలపాలైంది. ఈ ఏడు కూడా కోత లేకపోతే ఆ నేలను ఎవరూ సాగు చేయడం లేదని రాసుకుని ఇజ్రాయెల్ వాళ్లు లాగేసుకుంటారు. అలా పోయిన చేలు మా ఊళ్లో వేళ్ల మీద లెక్కపెడితే వేళ్లు చాలవు. ఈసారి మా అందరికీ పర్మిట్ మూడు రోజులకిచ్చారు. సోమ, మంగళ, బుధ. అంతే.

ఆ కంచెకున్న గేటుని వాళ్ల సైనికులు రోజుకు మూడుసార్లు, ఇరవై నిమిషాల చొప్పున తెరుస్తారు. ఆ సైన్యంతో మాట్లాడే మా అనుసంధాన ఆఫీసు వాళ్లు పంచాయతీ గోడకు నోటీసు అంటించారు: పొద్దున ఆరు, మధ్యాహ్నం పన్నెండు, సాయంత్రం నాలుగు. ఎవరి ఆరు? అది రాయలేదు.

ఆదివారం సాయంత్రం పంచాయతీ గదిలో దీని మీదే సభ. పంచాయతీ పెద్ద అబూ ఖల్దూన్ ముప్పై ఏళ్లు మంత్రిత్వ శాఖలో కుర్చీ అరగదీసి వచ్చినవాడు. మాకొకటి, వాళ్లకొకటి, రెండు దేశాలుండాలనే పక్షం. నిద్రలో లేపి అడిగినా సరిహద్దు గీత గీసి చూపిస్తాడు. గేటు దగ్గర చూపించాల్సిన పేర్ల జాబితా కూడా ఆయన జేబులోనే ఉంటుంది. అది లేకపోతే మాలో ఎవరికీ దారి లేదు. ఆయనకెదురుగా ఉస్తాద్ వస్ఫీ, హైస్కూలు చరిత్ర మాస్టరు. ఒకే దేశం, ఒకే ఓటు, అందరూ సమానం అంటాడు. ఇద్దరూ ఇరవై ఏళ్లుగా ఇదే వాదన వాదిస్తున్నారు. ఇరవై ఏళ్లలో పెరిగింది వాళ్ల బట్టతలలూ, ఎదురు కొండ మీద యూదుల కాలనీ ఇళ్లూ.

"మన ఆఫీసు అంటించిన నోటీసు. కాబట్టి అది మన ఆరే," అన్నాడు అబూ ఖల్దూన్.

"తాళం వాళ్ల చేతిలో ఉంటే ఆరు మనదెట్లా అవుతుందయ్యా?" అన్నాడు వస్ఫీ. "ఈ నేల మీద ఒకే టైము ఉండాలి. రెండు దేశాలు కావాలని నువ్వు ఏడ్చావు. దేశం రాలేదు, రెండో గడియారం మాత్రం వచ్చింది."

"ఆ గడియారమన్నా మనం తిప్పుకుంటున్నాం, ఉస్తాద్! ఈ భూమ్మీద మన ఇష్టప్రకారం కదిలేది ఆ ముల్లొక్కటే. దాన్నీ వదిలేయమంటావా?"

సబ్హా గడప దగ్గర నిలబడే ఉంది. "ఎవరి ఆరైతే నాకేంటి? అయిదింటికే వెళ్లి కూర్చుందాం. గేటు ముందు తెరిస్తే వెళ్తాం, తరవాత తెరిస్తే ఆగుతాం. దీనికింత నోరెందుకు?"

మాట మరీ సూటిగా ఉంది, అదే దాని తప్పు.

"హజ్జా, నీకు రాజకీయం తెలీదు. అయిదింటికి వెళ్లడమంటే ఆక్రమణ టైముని ఒప్పుకున్నట్టే," అన్నాడు అబూ ఖల్దూన్.

"అంతేకాదు, గంట ముందెళ్లి వాళ్ల గేటు ముందు పడిగాపులు కాయడం బానిసత్వం," అన్నాడు వస్ఫీ.

"అయితే ఆ జాబితా నాకివ్వు, నేనెళ్తా."

"అది ప్రభుత్వ పత్రం, హజ్జా."

సోమవారం మా గడియారం ప్రకారం ఆరుకి పావుగంట ముందు గేటు చేరాం. సబ్హా, ఆమె గాడిద, ఆ పెద్దమనుషులిద్దరూ, నేను. నేను రాళ్ల క్వారీలో పనిచేసేవాణ్ణి. సబ్హా చెట్లు దులపడానికి నా పేరూ జాబితాలో రాశారు. గేటుకి తాళం. కంచె అవతల నిచ్చెన భుజాన వేసుకుని యోరామ్ నిలబడి ఉన్నాడు. డెబ్బై దాటిన యూదు ముసలాయన. ఏటా కోతలకి సాయం పట్టడానికి వాళ్ల వైపు నుంచి వస్తాడు. అరబ్బీ మాట్లాడతాడు, యాస మాత్రం భరించలేం.

"ఎక్కడ చచ్చారయ్యా మీరంతా? గేటు తెరిచారు, మూసేశారు కూడా!"

"ఇంకా ఆరు కాలేదుగా!" అన్నాడు అబూ ఖల్దూన్.

"ఏడు కావస్తోంది!"

ఇద్దరూ కంచెకి చెరోవైపు నుంచి చేతి గడియారాలు చూపించుకున్నారు. రెండూ కరెక్టే. సబ్హా రాయి మీద కూర్చుని జాతర్ ఆకు పొడి చల్లిన రొట్టె విప్పింది. ఆమె దవడ కదిలిన తీరు చూసి నేను ఓ అడుగు దూరం జరిగాను.

తరవాతి గేటు వాళ్ల పన్నెండుకి, అంటే మా పదకొండుకి. అయిదు గంటల పైన ఖాళీ. ముగ్గురు మేధావులకి అంత టైము దొరికితే ఏం చేస్తారు?

"చూశావా వస్ఫీ, రెండు దేశాలై ఉంటే ఈ గేటు మన సరిహద్దు చౌకీ అయ్యేది, తాళం మన చేతిలో ఉండేది," అని మొదలెట్టాడు అబూ ఖల్దూన్.

"ఒకే దేశమైతే గేటే ఉండేది కాదు."

"నేనిప్పుడు సమాఖ్య పక్షం," అన్నాడు యోరామ్ కంచె అవతల నుంచి. "రెండు దేశాలు, కానీ ఒకే ఇల్లు. రెండు గదులు, ఒకటే వంటిల్లు."

"వంటింటి తాళం ఎవరి దగ్గరో చెప్పు, యోరామ్!"

"దాని మీద కమిటీ వేస్తాం."

అబూ ఖల్దూన్‌కి గీత గీసి చూపించకపోతే ఊపిరాడదు. కాగితం కోసం జేబులు తడుముకుని చేతికందినదాన్ని తీశాడు. దాని వెనక మొత్తం దేశం గీసేశాడు. సముద్రం, నది, మధ్యలో తన గీత. వస్ఫీ పెన్ను లాక్కుని ఆ గీత కొట్టేశాడు. యోరామ్ కంచె సందులోంచి వేలు పెట్టి వంటిల్లు ఎక్కడో చూపించాడు. అది పేర్ల జాబితా అని ముగ్గురిలో ఒక్కడికీ తోచలేదు.

నేను నవ్వుతున్నానా? నాకూ సిగ్గులేదు. "మీ ముగ్గురూ దొంగలే! ముందు కంచె పీకండి, ఆనక దేశాలు లెక్కపెట్టుకోండి!" అని మధ్యలో దూకి గొంతు చించుకున్నాను. అందరికంటే గట్టిగా అరిచింది నేనే.

మా పదకొండుకి జీపు వచ్చింది. ఇరవై ఏళ్లయినా నిండని సైనికుడొకడు తాళం తీసి చెయ్యి చాచాడు. "జాబితా."

అబూ ఖల్దూన్ కాగితం ఇచ్చి, అప్పుడు నాలిక కరుచుకున్నాడు. సైనికుడు ముందు పేర్లు చూశాడు, వెనక్కి తిప్పాడు, కనుబొమ్మలు ముడిచాడు.

"ఇదేంటి?"

"రెండు దేశాలు," అన్నాడు అబూ ఖల్దూన్.

"ఒకటే. కొట్టేశాను చూడు," అన్నాడు వస్ఫీ.

యోరామ్ హీబ్రూలో ఏదో చెప్పాడు. సైనికుడు కాగితాన్ని మొహానికి దగ్గరగా పెట్టుకున్నాడు. "మా అమ్మావాళ్ల ఊరెక్కడ ఇందులో? ఏ వైపు పడింది?"

"ఏ ఊరు?"

చెప్పాడు. అబూ ఖల్దూన్ తన గీతకి మా వైపు ఓచోట పెన్ను మొన ఆనించాడు. సైనికుడి ముఖం ఎర్రబడింది. "అంటే మమ్మల్ని ఖాళీ చేయిస్తారా? మా అమ్మ అక్కడ నిమ్మచెట్లు పెంచింది తెలుసా?"

"మా దేశంలో మీ అమ్మ అక్కడే ఉండొచ్చు బాబూ," అన్నాడు వస్ఫీ ఎంతో దయగా.

"మీ దేశంలోనా? మా అమ్మ మీ దేశంలో ఉండటమేంటి?"

ఇక చూసుకోండి. నలుగురూ గేటు మధ్యలో నిలబడి కాగితాన్ని నాలుగు వైపుల నుంచీ లాగుతున్నారు. నాకు కడుపు మండి అయిదోవాణ్ణయ్యాను. జీపులోవాడు టైము అయిందని హారన్ కొట్టాడు. సైనికుడు ఉలిక్కిపడి మమ్మల్ని బయటికి తోసి, యోరామ్‌ని లోపలికి నెట్టి, తాళం వేశాడు.

అప్పుడు చూశాను. రాయి మీద సబ్హా లేదు. గాడిదా లేదు. యోరామ్ నిచ్చెన కూడా లేదు. కంచె అవతల, దూరంగా, మూడో చెట్టు కొమ్మల్లో నల్లటి తలముసుగు కనిపిస్తోంది.

సాయంత్రం గేటు దగ్గర ఆమె అయిదు గోతాలతో దిగింది. అదే సైనికుడు లోపలికెళ్లినవాళ్ల పేర్లు రాసుకునే పుస్తకం తిరగేశాడు, మళ్లీ తిరగేశాడు.

"హజ్జా, నువ్వు లోపలికి వెళ్లినట్టు రాసి లేదు. వెళ్లని మనిషిని బయటికెలా పంపను?"

"చూశారా, ఇది పౌరసత్వ సమస్య," అన్నాడు వస్ఫీ.

"కాదు, సార్వభౌమాధికార సమస్య," అన్నాడు అబూ ఖల్దూన్.

సబ్హా వాళ్ల వంక చూడనే లేదు. "గోతాలకి పుస్తకంలో రాయాలా నాయనా?"

"గోతాలకా? లేదు."

"అయితే గోతాలు పోనీ. ఒరేయ్ జాబర్, మోసుకెళ్లి గానుగలో వెయ్యి." అని ఒక్కొక్కటే నా వైపు దొర్లించింది.

"మరి నువ్వు, హజ్జా?" సైనికుడు బిక్కమొహం వేశాడు.

"నీ పుస్తకం ప్రకారం నేనిక్కడ లేను. లేని మనిషి గురించి నీకు బెంగెందుకు?"

గాడిదని తిప్పుకుని చెట్లలోకి వెళ్లిపోయింది. గోతం చెరొకటి పట్టమన్నాను పెద్దమనుషుల్ని. వస్ఫీకి నడుం నొప్పట. అబూ ఖల్దూన్ ఫిర్యాదు రాయాలట.

ఆ రెండు రాత్రులూ ఆమె చెట్ల కిందే పడుకుంది. యోరామ్ దుప్పటీ నీళ్లూ తెచ్చిచ్చాడు, వంటింటి సంగతి మాత్రం ఎత్తలేదు. ఎత్తితే నిచ్చెన మీంచి తోసేస్తానందట. పర్మిట్ ఉన్న మూడు రోజులూ గేటు టైముతో పనిలేకుండా వెలుగున్నంతసేపూ కోసింది ఊరు మొత్తం మీద ఆమె ఒక్కతే. మిగతా మాకు రాసిపాడుచేసిన జాబితా చెల్లదన్నారు. కొత్తది రావడానికి నాలుగు రోజులు పడుతుందన్నారు. బుధవారం సాయంత్రం, లోపల లేని మనిషిని వెంటనే బయటికి పంపేయమని పైనుంచి ఆర్డరొచ్చింది. ముప్పై ఒక్క చెట్లలో ఒక్కటీ మిగల్లేదు.

గురువారం గానుగ దగ్గర పచ్చటి నూనె ధారకట్టి దిగుతుంటే పెద్దమనుషులిద్దరూ వచ్చారు. సబ్హా చేసింది ఏ సిద్ధాంతానికి రుజువో తేల్చుకుంటున్నారు. ఆమె రొట్టె ముక్క ధారలో ముంచి నోట్లో పెట్టుకుని, తాపీగా నమిలింది.

"కంచె అవతలి మీ ఇద్దరి చేలూ దాటే వచ్చాను నిన్న. కాయంతా కింద రాలి పడుంది. ఏరడానికి ఎవరెళ్తున్నారు?"

ఇరవై ఏళ్లలో మొదటిసారి ఇద్దరూ ఒకే మాట, ఒకే గొంతుతో అన్నారు:

"పర్మిట్ నిన్నటితో అయిపోయింది కదా, హజ్జా!"