కమాన్ పట్టీల నలుపు

మా నాయన మునెప్ప నడిపిన అంబాసిడర్‌కు ప్రతి ఆయుధపూజకూ, గుమ్మడికాయ కొట్టేముందు, కింద బండి బరువు మోసే స్ప్రింగు బద్దలకు, అంటే కమాన్ పట్టీలకు, ఒక పూత సిల్వర్ రంగు పడేది. అదే కంపెనీ రంగని మా అన్న నాగేంద్ర నమ్మకం. నాయన పోయాక బండి అమ్మేద్దామన్నాడు. నేను ఒప్పుకోలేదు. చివరికి, కుప్పంలో పాత కార్ల పోటీలో ప్రైజు వస్తే ఉంచుకోవాలి, రాకపోతే నోరు మూసుకుని అమ్మేయాలి అన్నాడు. సరేనన్నాను.

పోటీకి నియమం ఒక్కటే. బండి ఫ్యాక్టరీ నుంచి వచ్చినట్టే ఉండాలి. పట్టీల అసలు రంగేదని మదనపల్లెలో అడిగితే ఒకరు ఎరుపన్నారు, ఇంకొకరు బూడిదన్నారు. ఎవరి నోటికొచ్చింది వారిది. ఒళ్లు మండి, పుంగనూరులో మెకానిక్ ఓబులేసు షెడ్డుకు తోలి బోల్టులు విప్పించాను. పట్టీలను ఇరుసుకు బిగించిన చోట, నాయన బ్రష్షు ఏనాడూ దూరని సందులో, మెరుపు లేని పలుచటి నలుపు బయటపడింది. నాకు ప్రాణం లేచొచ్చింది.

"ఇదేందమ్మా, సట్టి అడుగు మసి మాదిరి ఉండాది?" అన్నాడు ఓబులేసు.

"ఆ మసే కావాలప్పా."

ఫోటో తీసుకుని, సిల్వరంతా గీకించి, అదే నలుపు వేయించాను.

కుప్పంలో జడ్జి భీమరావు వంగి టార్చి వేశాడు. "రంగెయ్యడం మర్సిపోయినావామ్మా? పక్క బండ్లు సూడు, ఎట్ల మెరుస్తాండాయో. ఇదో స్ప్రే డబ్బా. ఒక పూత కొట్టు, ఫస్టు ప్రైజు నీదే."

ఫోటో చూపించాను. చూడనే లేదు. నా వెంట వచ్చిన అన్న డబ్బా అందుకున్నాడు. నేను లాక్కుని జడ్జి చేతిలోనే పెట్టాను.

"పుట్టినట్టే ఉండాలని రాసింది మీరే కదా సార్? ఇది పుట్టింది ఈ నలుపుతోనే. మీ ప్రైజు కోసరం దీనికి పౌడరు పుయ్యను."

ప్రైజు మెరిసే బండికే పోయింది.

"సాలా? రేపే బేరగాణ్ణి పిలుస్తా," అన్నాడు అన్న.

మాటిచ్చాను, నిజమే. కళ్లు పెట్టి చూసే పోటీ అనుకుని ఇచ్చాను. వెళ్లి స్టీరింగు ముందు కూర్చున్నాను.

"పిలుసుకోన్నా. ముందు నన్ను ఈ సీట్లోంచి దించు, ఆమీన అమ్ముదువు. ఇప్పుడు బస్సుకు నిలబడతావా, ఎక్కుతావా?"

గొణుక్కుంటూ వెనక సీట్లో కూలబడ్డాడు.  పుంగనూరు దాటాక ముందు సీటు మీదికి వంగాడు.

"పాపా, ఆ నల్లరంగు ఇంకా మిగిలుండాదా? జడ్జి టార్చి ఏసినప్పుడు సూసినా, ఎడమ పక్క బోల్టు కాడ కొంచెం సిల్వర్ కనిపించె."