డింప్నా ఉండిపోయిన పూట

నోలా ఫీలీ వీపు మీది సబ్బు నురగను తడిగుడ్డతో ఒక్క తుడుపులో తీసేసి, పొయ్యి కడ్డీ మీద వెచ్చబడుతున్న తువ్వాలును ఆమె భుజాల చుట్టూ కప్పింది డింప్నా గిల్‌రేన్. డింప్నా పొట్టి మనిషి. చేతులు మాత్రం వెడల్పు. చలికాలంలో వేళ్ల కణుపులు ఎర్రగా ఉబ్బుతాయి. సంస్థ ఇచ్చిన నీలం చొక్కా మీద నడుముకు పట్టీ బిగించుకుంటుంది. జుట్టును వంటింటి కత్తెరతో తనే కత్తిరించుకుంటుందని చూడగానే తెలిసిపోతుంది.

"ఇవాళ నిదానంగా ఉన్నావే? రోజూ వీపు తోలు ఊడొచ్చేట్టు రుద్దుతావుగా," అంది నోలా. ఆమె ఆ ఊరి బళ్లో పంతులమ్మగా చేసి రిటైరైన మనిషి. కాళ్లు పడిపోయాయి గానీ నోరు పడిపోలేదు.

"ఆ పరుగులు పోయిన వారంతో సరి, టీచర్. ఇవాళ్టి నుంచి కొత్త ఒప్పందం."

"అయితే డబ్లిన్ పెద్దమనుషులు దిగొచ్చారన్నమాట."

"దిగి రాలేదు. దింపాం."

నోలా బోసినోటితో పకపకా నవ్వింది. డింప్నా ఆమెకు పళ్లసెట్టు అందించి, ఉన్ని మేజోళ్లు తొడిగి, గంజి గిన్నె చేతికిచ్చి, అది సగానికి పైగా తినేదాకా ఎదురుగా కూర్చుంది. అలా కూర్చోవడం చేతకాని దానిలా రెండుసార్లు లేవబోయి, మళ్లీ తమాయించుకుంది.

బయట లీట్రిమ్ కొండల మీద సన్నజల్లు పడుతోంది. రాతిగోడల మధ్య డింప్నా కారు మెల్లగా కొండెక్కింది. ఈ మలుపులు ఆమెకు అరచేతి గీతలు. చిన్నప్పుడు చొక్కాల ఫ్యాక్టరీలో కాలర్లు కుట్టింది. ఆ ఫ్యాక్టరీ మూతపడ్డాక, మంచాన పడ్డ అత్తగారిని చూసుకుంటూ ఈ పని నేర్చుకుంది. అప్పుడే చర్చి ఆడవాళ్లు కొందరు కలిసి, ముసలివాళ్లను వాళ్ల ఇళ్లలోనే చూసుకునే సంస్థ ఒకటి పెట్టారు; డింప్నా అందులో చేరింది. కొన్నాళ్లకు ప్రభుత్వం గ్రాంటు ఇవ్వడం మొదలుపెట్టింది. ఇచ్చింది గానీ ఏడాదికే ఇచ్చేది. వసంతం వచ్చిందంటే ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియదు. తలుపు లోపల గడిపిన నిమిషాలకే జీతం; ఇంటికీ ఇంటికీ మధ్య ఉన్న కొండ ఎవరి లెక్కలోకీ రాదు. డింప్నా పని నేర్పిన అమ్మాయిలందరూ అదే పనికి ఎక్కువ జీతమూ, పింఛనూ ఇచ్చే సర్కారీ ఆసుపత్రికి వెళ్లిపోయేవారు. వాళ్లను ఆమె ఒక్క మాట అనలేదు. పిల్లల్ని పెంచుకోవాలంటే వెళ్లాలి మరి.

తను మాత్రం వెళ్లలేదు. పని ఇష్టం. అంతే. ఎవరైనా దాన్ని త్యాగం అంటే ఒళ్లు మండేది. "త్యాగం పోస్తే కారు నడుస్తుందా?" అనేది.

రెండు చలికాలాల కిందట, డింప్నా రోజూ చూసుకునే కాన్సెప్టా పోయింది. ఆ రోజు ముసలామెకు ఊపిరి సరిగా ఆడటం లేదు. డింప్నా డాక్టరుకు ఫోన్ చేసింది. కానీ ఆ ఇంటికని ఇచ్చిన అరగంటా అయిపోయింది. కొండ అవతల ఇంకొకామె మంచం దిగలేక ఎదురుచూస్తోంది. పంపడానికి వేరే మనిషి లేదు. "ఇప్పుడే వచ్చేస్తా" అని చెప్పి వెళ్లింది. తిరిగి వచ్చేసరికి కాన్సెప్టా దుప్పటి సగం నేల మీదికి జారి ఉంది. చెయ్యి తలుపు వైపు చాచి ఉంది.

మర్నాడు పొద్దున్నే సంస్థ ఆఫీసుకు వెళ్లి, మేనేజరు ఫింటన్ ఎదురుగా కోటు కూడా విప్పకుండా నిలబడింది. ఫింటన్ కూడా ఒకప్పుడు ఆమె దగ్గర పని నేర్చుకున్నవాడే.

"గొడవ చేస్తే ఉన్న గ్రాంటు కూడా పోతుంది, డింప్నా," అన్నాడతను.

"అడిగితే గ్రాంటు పోతుంది. అడక్కపోతే మనుషులు పోతున్నారు. ఏది నయమో నువ్వే చెప్పు."

మర్నాటి నుంచి ఫింటన్ ఆమె పక్కనే నిలబడ్డాడు. చుట్టుపక్కల ఇలాంటి సంస్థలన్నీ ఒక్కటై, పాత షరతుల మీద సంతకాలు పెట్టేది లేదన్నాయి. పనివాళ్లు సమ్మె చేసిన రోజున ముసలివాళ్ల కొడుకులూ కోడళ్లూ ఇళ్లలో పని అందుకున్నారు; మిగిలినవాళ్లు వచ్చి పక్కన నిలబడ్డారు. నోలా చక్రాల కుర్చీలో వచ్చి, అట్టల మీది అక్షరదోషాలు దిద్ది మరీ నినాదాలిచ్చింది. కాల్‌ఫీల్డ్ అనే సర్కారీ అధికారి డింప్నా కారులో ఒక రోజంతా తిరిగి, బురదబూట్లతో వెళ్లాడు. మళ్లీ మళ్లీ వచ్చాడు. పైవాళ్లతో లోపలి నుంచి పోట్లాడింది ఆయనే. చివరికి ఒప్పందం మారింది: ఇక ఏటేటా గండం లేదు, ఆసుపత్రి వాళ్లతో సమానంగా జీతం, దారికి కూడా జీతం. అన్నిటికన్నా ఎక్కువగా డింప్నా పట్టుబట్టి పెట్టించిన షరతు ఒకటుంది. ఆపద వస్తే అందుకోవడానికి ఈ లోయకు ఒక అదనపు మనిషి ఉండాలి. ఊనా అనే అమ్మాయి ఆ పనిలో చేరింది. ఆసుపత్రి ఉద్యోగం వదిలేసి మరీ వచ్చింది.

కొండ మీద కారు ఆపి, ఇంజిన్ కట్టేసి, గుడ్డు శాండ్‌విచ్ విప్పింది డింప్నా. ఇన్నేళ్లూ ఒక చేత్తో స్టీరింగ్ పట్టుకునే తినేది. గుడ్డులో ఉప్పు ఎక్కువైందని ఇవాళ తెలిసింది.

మధ్యాహ్నం వెళ్లింది మాలకీ ఇంటికి. రాతిగోడలు కట్టిన చేతులు ఆయనవి, పెళ్లి చేసుకోలేదు. రోజులు దగ్గర పడ్డాయని నర్సు నిన్ననే చెప్పింది. ఆసుపత్రికి వెళ్లనని ఆయన ఎప్పుడో చెప్పేశాడు.

"వచ్చావా పిల్లా?"

"అరవై దాటిన పిల్లనండీ."

"నాకు పిల్లవే. ఎంతసేపుంటావ్?" రోజూ అడిగేదే.

డింప్నా దుప్పటి ఎత్తి పాదాలు తాకింది. చల్లగా ఉన్నాయి. మోకాళ్ల మీద ఊదారంగు మచ్చలు లేచాయి. ఊపిరికీ ఊపిరికీ మధ్య సందు పెరుగుతోంది. నర్సుకు ఫోన్ చేసి సంగతి చెప్పింది. తర్వాత ఫింటన్‌కు చేసింది.

"ఫింటన్, మాలకీ వెళ్లిపోతున్నాడు. నేనిక్కడే ఉండిపోతున్నా."

ఈసారి అవతలి నుంచి వచ్చిన మాట కొత్తది.

"ఉండు. నీ తర్వాతి ఇళ్లకు ఊనాను పంపుతా. ఎంతసేపు కావాలంటే అంతసేపు ఉండు." ఆగి, "ఈ మాట అనడానికి ఎంత బాగుందో, డింప్నా," అన్నాడు.

ఆమె కుర్చీని మంచానికి ఆనించి కూర్చుంది.

"ఎంతసేపుంటావన్నానా?"

"ఉంటాను."

"అంటే?"

"అంటే ఉంటాననే. ఇంకెక్కడికీ వెళ్లేది లేదు."

మాలకీ కనుబొమలు కొంచెం లేచాయి. "దీనికి జీతమిస్తారా?"

"ఇస్తారు."

"అయితే ఆ మంచి టీపొడి తీసి పెట్టుకో. పండగ కోసం దాచా. పండక్కి నేనెక్కడ!"

ఆమె చిక్కగా టీ పెట్టుకుని, ఆయన పెదాలను కూడా దానితోనే తడిపింది. ఆయన చప్పరించి, చెవిలోని వినికిడి యంత్రం వైపు వేలు ఎత్తాడు. "ఇది తీసెయ్ పిల్లా. వాన మోత నాకు తెలిసిందే." ఆమె తీసి కిటికీ దగ్గరి సాసర్లో పెట్టింది. ఆ గరుకు చేతిని తన రెండు చేతుల మధ్య పెట్టుకుని కూర్చుంది. ఒక ఊపిరి వచ్చింది. ఇంకొకటి వచ్చింది. తర్వాతిది రాలేదు. ఆమె ఇంకాసేపు ఎదురుచూసి, లేచి, ఆ ఊరి ఆనవాయితీ ప్రకారం, పోయిన ప్రాణానికి దారిగా కిటికీ తెరిచింది.

కళ్లు తుడుచుకుంది. దుఃఖం ఉంది, కానీ కాన్సెప్టా అప్పటిలా కాదు, ఈసారి తను పక్కనే ఉంది. ఆయన ముఖం కడిగి, తల దువ్వి, నోరు తెరుచుకోకుండా గడ్డం కింద తువ్వాలు చుట్టి పెట్టింది. నర్సు వచ్చింది, పొరుగావిడ వచ్చి కెటిల్ పొయ్యి మీద పెట్టింది. అప్పుడు డింప్నా కోటు తొడుక్కుని, ఆయన నుదురు ఒకసారి తాకి బయటికి నడిచింది. ఇంకా వెలుగుంది.

తెరిచిన కిటికీ దగ్గర, సాసర్లో, కట్టెయ్యడం ఎవరికీ గుర్తురాని ఆ చిన్న వినికిడి యంత్రం సన్నగా ఈల వేస్తూనే ఉంది.