కొబ్బరిచెట్టు అయ్యగారు

వీర్రాజు దొడ్లో కొబ్బరిచెట్టుకు మూడేళ్ళుగా పిందె నిలవలేదు. రాజోలు పక్కనున్న వాళ్ళ ఊరి మందిరం పాస్టరు జయప్రకాష్ ఓసారి అటుగా పోతూ, అతని గోడు విని, చెట్టు మీద చెయ్యేసి ప్రార్థన చేశాడు. మరుసటేడు గెలలు వంగిపోయాయి. వీర్రాజు నోరు ఊరుకునే నోరా? గోదారి లంక ఊళ్ళన్నీ చాటేశాడు.

అలా జయప్రకాష్ కొబ్బరిచెట్టు అయ్యగారైపోయాడు. మొదట్లో సిగ్గుపడ్డాడు పాపం. సిగ్గెన్నాళ్ళుంటుంది లెండి. కరపత్రాల్లో పేరు ముందు ‘ప్రార్థనా వీరులు’ అని వేయించుకున్నాడు. ఫొటోకి చెయ్యెత్తి మరీ నిలబడ్డాడు.

“చెట్టుకి కాయలు కాసేయి గానీ, మీకు కొమ్ములు మొలిచేయండి,” అని భార్య పుష్పలత అంటే, వినబడనట్టు కరపత్రాలు సర్దుకునేవాడు.

తొంభై ఎనిమిదిలో అమలాపురం క్రైస్తవ మహాసభల పెద్దల నుంచి కబురొచ్చింది. ఆదివారం వస్తారట. ప్రార్థనతో చెట్టు కాసిందని వీర్రాజు మందిరంలో చెప్పే సాక్ష్యం విని, నచ్చితే ఆఖరి రోజు ప్రసంగం జయప్రకాష్‌కే ఇస్తారట. ఆఖరి రోజు ప్రసంగమంటే మాటలా? ఇసకేస్తే రాలనంత జనం. ఆ వారమంతా ఆయనకు అన్నం సహించలేదు.

శనివారం పొద్దున్నే వీర్రాజు చేత సాక్ష్యం ఇంకోసారి అప్పజెప్పించుకుందామని వెళ్ళాడు. వీర్రాజు లేడు. చెట్టు దగ్గర ఎలీసమ్మ ఉంది. పక్కింట్లో ఉంటూ చేపలమ్ముకునే ముసలమ్మ, మందిరంలో ఆఖరి వరస మనిషి. చేపలు కడిగిన నీళ్ళు పాదులో పోసి, గుప్పెడు ఉప్పు చల్లుతోంది.

“ఇదేంటమ్మా?” అన్నాడు.

ఆవిడ బకెట్టు వెనక్కి పెట్టుకుంది. వాసన దాగుతుందా?

“మీరు ప్రార్థన చేసిన కాణ్ణుంచీ రోజూ పోస్తన్నానండి. చెట్టు కాయకపోతే ఊరంతా మిమ్మల్నే అంటారు కదండీ. మా అయ్యగారు మాట పడకూడదని.”

జయప్రకాష్‌కు తల కొట్టేసినట్టయింది. తన పేరును ఇన్నాళ్ళూ ఈ నడుం వంగిన మనిషి బకెట్టుతో మోసింది.

“అయితే కాయించింది నువ్వేనమ్మా.”

“అబ్బే. నీళ్ళు పోసేను గానీ, కాయలు నేనెక్కడ వేసేనండి? ఇది రేపు చెప్పకండయ్యగారు. మీరు అమలాపురం ఎల్లాలండి. నేనూ అక్కడికొచ్చి ముందు వరసలో కూచుంటానండి.”

ఆదివారం పెద్దలు కుర్చీల్లో కూర్చున్నారు. వీర్రాజు ఇస్త్రీ చొక్కాతో లేచి, చెట్టు కథ కళ్ళకు కట్టినట్టు చెప్పాడు. పెద్దలు తలలూపారు. ఇక నోరు మూసుకుని ఉంటే చాలు, ప్రసంగం చేతికొచ్చినట్టే. జయప్రకాష్ ఆఖరి వరసకేసి చూశాడు. లేచాడు. చేపనీళ్ళ సంగతి, ఉప్పుతో సహా, అంతా చెప్పేశాడు.

“అదాండీ సంగతి,” అన్నాడు వీర్రాజు, “పిల్లులు మా దొడ్డి ఎందుకు వదలటం లేదా అనుకుంటన్నాను.”

మందిరమంతా గొల్లుమంది. పెద్దలు మాత్రం నవ్వలేదు. భోజనం చేసి, మర్యాదగానే సెలవు తీసుకున్నారు. ఆఖరి రోజు ప్రసంగం కాకినాడ పాస్టరు ఒకాయనకు పోయింది. చెప్పొద్దన్నా చెప్పినందుకు ఎలీసమ్మ మూడు రోజులు ఆయనతో మాట్లాడలేదు.

ఆ మూడు రోజులూ బకెట్టు ఆయనే మోశాడు. తెల్లలాల్చీ కంపు వదల్లేదని పుష్పలత గొణిగింది గానీ, మొహం మాత్రం నవ్వుతూనే ఉంది. ఊళ్ళో పేరు చేపనీళ్ళ అయ్యగారని మారిపోయింది.

నాలుగో రోజు ఆయన నీళ్ళు పోసి వెళ్ళిపోతుంటే, ఎలీసమ్మ గుమ్మంలోంచి పిలిచింది.

“అయ్యగారూ, ఉప్పు మర్చిపోయేరండి.”

“ఆయ్,” అని వెనక్కి తిరిగాడు.