దారి తప్పి వచ్చిన మరిసేలా

మా ఊరి బడిలో వంట చేసే నెడ్రా ఊల్సీకి వేసవిలో రెండున్నర నెలలు సెలవులే గాని, ఆ ఎండల్లో లోయలోకి దిగడం ఎవరి తరమూ కాదు. అందుకే ఆమె అక్టోబరు కోసం ఎదురు చూస్తుంది. జింకల వేట మొదలయ్యే వారం బడికి సెలవిస్తారు. ఊళ్ళో మగవాళ్ళందరూ, ఆడవాళ్ళలో సగం మందీ తుపాకులు పట్టుకుని కొండెక్కుతారు. నెడ్రా మాత్రం వీపున సంచి తగిలించుకుని ఒక్కతే లిస్టన్ లోయలోకి దిగుతుంది. ఇరవై రెండేళ్ళుగా ఇదే పద్ధతి.

తొమ్మిది మైళ్ళు లోపలికి నడిస్తే, ఒక మలుపులో ఎర్రటి కొండ గోడ చూరులా ముందుకు వంగి ఉంటుంది. దాని కింద మెత్తటి ఇసుక తిన్నె. తిన్నె చివర రాతి పగులులోంచి నీటి ఊట చుక్కచుక్కగా కారుతుంది. సీసా నిండేలోపు జుట్టు విప్పుకుని, చిక్కు తీసుకుని, మళ్ళీ జడ వేసుకోవచ్చు. నూట ఎనభై మంది పిల్లల కేకలూ, స్టీలు పళ్ళాల మోతా ఏడాదంతా చెవుల్లో పెట్టుకు తిరిగే మనిషికి ఆ చుక్కల చప్పుడు ఎంత హాయిగా ఉండేదో ఆమెకే తెలుసు. అక్కడ ఇంకొంచెం వెయ్యమని అడిగేవాళ్ళు లేరు. ఆ చోటు ఎక్కడో ఆమె ఎవరికీ చెప్పలేదు. మట్టి రోడ్డు చివరిదాకా తీసుకెళ్ళి దింపే తమ్ముడు వెర్ల్‌కి కూడా.

పోయిన అక్టోబరులో వెర్ల్ ఎప్పటిలాగే తెల్లవారేసరికి ఆమెను ట్రక్కులో తీసుకెళ్ళాడు. దారి పొడుగునా సణుగుతూనే ఉన్నాడు.

"యాభై తొమ్మిదేళ్ళొచ్చాయి. ఇంకా ఒక్కదానివే ఏంటీ తిరుగుళ్ళు?"

"అయితే ఇద్దరం వెళ్దాం. సంచి సర్దుకో."

"నా మోకాళ్ళ సంగతి తెలిసే అంటున్నావు."

"తెలిసే అంటున్నాను."

ట్రక్కు దిగాక అతను జేబులోంచి అగ్గిపెట్టెంత యంత్రం ఒకటి తీసి ఇచ్చాడు. ఫోను పలకని చోటు నుంచి కూడా అది ఉపగ్రహానికి కబురు పంపుతుంది. "మెళ్ళో వేసుకో. సంచిలో పడెయ్యకు," అన్నాడు.

"ఆవుకి గంట కట్టినట్టా?"

"ఆవు చెప్పిన మాట వింటుంది. నీకు ఆ బుద్ధి కూడా లేదు."

నెడ్రా నవ్వి, ట్రక్కు మలుపు తిరిగాక దాన్ని సంచి పైజేబులో పడేసి నడక మొదలుపెట్టింది.

సెప్టెంబరు వరదలు ఆ ఏడు గట్టిగానే వచ్చి పోయాయి. వాగు పక్కన విల్లో పొదలు నేలకు వాలిపోయి ఉన్నాయి. కాటన్‌వుడ్ చెట్ల మొదళ్ళకు మనిషెత్తున చెత్త పట్టుకుని ఉంది. అయినా పైన ఆకులు పసుపు తిరిగి ఎండలో మెరుస్తున్నాయి. నెడ్రా వాగును అటూ ఇటూ దాటుకుంటూ, మధ్యలో ఒక బండ మీద కూర్చుని రొట్టె తిని, రెండు గంటల వేళకు ఆఖరి రేవు దగ్గరకు వచ్చింది. అక్కడ నీళ్ళు చీలమండ దాటవు. ఇరవై రెండేళ్ళుగా దాటుతున్న చోటు. చేతికర్రతో పొడిచి చూసుకోవాలన్న ఆలోచన కూడా రాలేదు.

మూడో అడుగు వెయ్యగానే కుడికాలు తొడ దాకా దిగిపోయింది. ఊబి. వరద తెచ్చిపోసిన ఇసుక అడుగున గట్టిపడకుండా అలాగే ఉండిపోయింది.

ఎడమకాలు కూడా దిగబోతుంటే మోకాలు మడిచి పక్కకు వాలి దాన్ని కాపాడుకుంది. బరువు తగ్గితే పైకి వస్తానేమోనని సంచి విప్పి బలంకొద్దీ ఒడ్డుకు విసిరింది. అది పొడి ఇసుకలో చక్కగా పడింది, రెండు బారల దూరంలో. పడ్డాక గుర్తొచ్చింది, యంత్రం అందులోనే ఉందని.

మొదటి అరగంట ఆమె కాలు లాగుతూనే ఉంది. లాగినకొద్దీ ఇసుక సిమెంటులా బిగుసుకుంది. తర్వాత చేతులతో తవ్వింది. తవ్విన గుంట చెయ్యి తీసేలోపు పూడిపోయింది. అరిచింది కూడా. అరిచి, ఎవరు వింటారని అరుస్తున్నానని తనమీద తనకే చిరాకు పుట్టింది. ఇన్నేళ్ళలో ఆ లోయలో ఆమెకు ఎదురైనవాళ్ళు నలుగురు. అందులో ఇద్దరు తప్పిపోయిన దూడల కోసం వచ్చినవాళ్ళు.

మూడున్నరకు ఎండ గోడ మీదికి ఎక్కిపోయింది. నీళ్ళు అంతదాకా చల్లగా ఉన్నాయని మాత్రమే అనిపించింది, ఇప్పుడు కాలు ఉందో లేదో కూడా తెలియడం లేదు. పళ్ళు టకటకలాడుతున్నాయి. వెర్ల్ వచ్చేది నాలుగో రోజు మధ్యాహ్నం. అప్పటిదాకా నీళ్ళలో ఉంటే ఏమవుతుందో లెక్క వెయ్యడానికి పెద్ద చదువు అక్కర్లేదు. ఆమెకు ఏడుపు రాలేదు గాని, సోమవారం పిల్లలకు ఎవరు వండుతారో అన్న దిగులు మాత్రం పట్టుకుంది. అది తలుచుకుంటే తర్వాత ఆమెకే నవ్వొచ్చేది.

నాలుగున్నరప్పుడు మలుపు అవతల గులకరాళ్ళు కదిలిన చప్పుడైంది. ఎవరో ఆడమనిషి గొంతు, తనలో తను గట్టిగా తిట్టుకుంటోంది. తర్వాత ఎర్ర టోపీ పెట్టుకున్న మనిషి, కళ్ళ ముందు పటం పట్టుకుని, పటంలోకే చూస్తూ నడిచి వచ్చింది. నలభై ఏళ్ళుంటాయి. తల ఎత్తి నెడ్రాను చూసి ఆగిపోయింది.

"అమ్మా, ఇది కోల్ట్ లోయేనా?"

"కాదు తల్లీ. కోల్ట్ లోయ మూడు మైళ్ళ వెనక ఎడమవైపు వదిలేశావు," అంది నెడ్రా. మాట ముద్దగా వచ్చింది.

"అయ్యో దేవుడా." ఆమె పటం మడిచేసింది. "మీరేంటి, ఈ చలిలో నీళ్ళలో కూర్చున్నారు?"

"కూర్చోలేదు. ఇరుక్కున్నాను. అక్కడే ఆగు, ఇంకో అడుగు వెయ్యకు. నువ్వూ దిగిపోతే ఇద్దరం కలిసి పటం చూసుకోవాలి."

ఆమె సంచి దింపి, "ఏం చెయ్యాలో చెప్పండి," అంది.

యంత్రంతో కబురు పంపినా తెల్లవారేలోపు ఎవరూ రాలేరు. సంచికి చుట్టి కట్టుకున్న పలచటి పరుపు పరిచి, దాని మీద బోర్లా పడుకుని జరుగుతూ రమ్మంది నెడ్రా. రెండో మాట లేకుండా పరుపు నీళ్ళ మీద పరిచి, దాని మీద పాకుతూ వచ్చిందామె. వచ్చి నెడ్రా చంకల కింద చేతులు వేసి లాగబోయింది. నెడ్రా కేక పెట్టింది.

"లాగకు. ఊడితే కాలు ఊడుతుంది, ఇసుక వదలదు. కర్ర తీసుకుని కాలి పక్కగా కిందికి దించు. దించి కదుపు. కిందికి నీళ్ళు పోవాలి."

ఆమె ముఖం విప్పారింది. "ఓ, తుప్పు పట్టిన బోల్టా? ముందే చెప్పొచ్చుగా. నూనె పోసి, అటో పిసరు ఇటో పిసరు. నాకిది రోజూ ఉండే పనే."

ఆమె పేరు మరిసేలా. ఆల్బకర్కీలో సిటీ బస్సుల షెడ్డులో మెకానిక్కు. ఈ సంగతులన్నీ ఆమె కర్ర దించుతూ, కదుపుతూ, నెడ్రాను నిద్రపోనివ్వకుండా ఉండడానికి చెబుతూ పోయింది. పధ్నాలుగో నెంబరు బస్సు గేరుపెట్టె గురించి చెప్పింది. చెల్లెలి నోటిదురుసు గురించి చెప్పింది. నెడ్రా కళ్ళు మూతపడినప్పుడల్లా, "ఏమండోయ్, మా చెల్లెలి పేరు ఏం చెప్పాను?" అని గద్దించింది.

"బెర్నిస్."

"కాదు, బెర్నిస్ మా మేనత్త. ఆ కాలు కదపండి."

కాలు వేలెడు వేలెడుగా పైకి వచ్చింది. మోకాలు బయటపడేసరికి గంట దాటింది. ఆఖర్న గుబుక్కుమని ఒక్కసారిగా వచ్చేసింది, బూటు మాత్రం అడుగునే ఉండిపోయింది. ఇద్దరూ పరుపు మీదుగా ఒడ్డుకు పాకి, ఇసుకలో వెల్లకిలా పడ్డారు. నెడ్రాకు ఆకాశం కనిపించింది, రెండు గోడల మధ్య సన్నగా, ఇంకా వెలుగుతో. ఆమె మరిసేలా చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు. ఏదో చెప్పాలనుకుంది గాని పళ్ళ టకటకలో మాట రాలేదు.

"నడవగలరా?" అంది మరిసేలా.

"రెండు మలుపులు. నాకో చోటుంది."

తిన్నె చేరేసరికి గోడ మీది ఎరుపు బూడిదరంగుకు తిరిగింది. మరిసేలా ఆమె తడిబట్టలు తీయించి, తన పొడి ఉన్ని చొక్కా తొడిగి, పడకసంచిలో దూర్చి, మీద తన పడకసంచి కూడా కప్పింది. వాచిన కాలి కింద తాడుచుట్ట పెట్టింది. యంత్రంలో క్షేమం అన్న మీట నెడ్రా చేతే నొక్కించి, తన చెల్లెలికి కూడా ఒక ముక్క పంపించింది. తర్వాత స్టవ్వు వెలిగిస్తుంటే నెడ్రా లేవబోయింది.

"ఎక్కడికి?"

"వంట నేను చేస్తాను. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా చేస్తున్న పని."

"ఇవాళ మీకు సెలవు. పడుకోండి."

మరిసేలా తన ఊరినుంచి తెచ్చుకున్న ఎండు మొక్కజొన్నా, కాల్చి ఎండబెట్టిన పచ్చిమిరపా, మాంసం తునకలూ వేసి చారులా కాచింది. వేడి గిన్నె తెచ్చి నెడ్రా చేతుల్లో పెట్టింది. మొదటి గుక్కకు నెడ్రాకు ముక్కూ కళ్ళూ కారాయి. మా వైపు మిరియం ఎక్కువైతేనే కారమని మొహం చిట్లిస్తారు.

"చంపుదామనుకుంటే ఊబిలోనే వదిలెయ్యొచ్చుగా," అంది దగ్గుతూ.

"ఒళ్ళు వేడెక్కిందా లేదా?"

ఎక్కింది. కారం కడుపులోంచి వేళ్ళ చివరలకు పాకింది. నెడ్రా గిన్నె గీరి గీరి తింది. ఇంకొకరు వండి చేతికిచ్చినది తిని ఎన్నేళ్ళయిందో ఆలోచిస్తే గుర్తు రాలేదు. ఇప్పుడు కారుతున్న కన్నీళ్ళు కారానివి కావని మరిసేలాకు తెలియకూడదని తల పక్కకు తిప్పుకుంది.

"ఉప్పు సరిగ్గా వేశావు," అంది.

వంటమనిషి నోట ఆ మాట ఎంత పెద్దదో మరిసేలాకు తెలియదు. "ఇంకొంచెం వెయ్యనా?" అంది.

"వెయ్యి."

మర్నాడు కాలు గుమ్మడికాయలా ఉంది. తొందరేమీ లేదు గనక ఆ రోజూ, ఆ మర్నాడూ అక్కడే ఉన్నారు. నీళ్ళు మరిసేలా పట్టింది, ఊట కింద సీసా పెట్టి, అదెంతసేపు పడుతుందో తెలియక రెండుసార్లు లేచి చూసి, మూడోసారి నవ్వుకుని కూర్చుండిపోయింది. ఎండ తిన్నె మీదికి వచ్చాక ఇద్దరూ గోడకు ఆనుకుని కూర్చున్నారు.

"నేను ఒంటరిగా రావడం ఇదే మొదలు," అంది మరిసేలా. "షెడ్డులో అందరూ నవ్వారు. పటం తిరగేసి పట్టుకుంటావని చెల్లెలు ముందే చెప్పింది. నిన్న మీరు కనిపించేముందు, అది చెప్పింది నిజమే, ఇంక ఇంటికి పోతాను అనుకుంటున్నాను."

"ఆ పటం నువ్వు సరిగ్గా చదివుంటే నేనిప్పటికి చచ్చిపోయి ఉండేదాన్ని," అంది నెడ్రా. "నిన్ను తిట్టడానికి మీ చెల్లెలికి హక్కు లేదని నేను చెప్పానని చెప్పు."

మరిసేలా కాసేపు ఇసుకలో గీతలు గీసింది. "ఈ చోటు గురించి ఎవరికీ చెప్పను. మీదని తెలుస్తూనే ఉంది."

అవును నాదే అనబోయింది నెడ్రా. ఇరవై రెండేళ్ళుగా ఆ మాటే అనుకుంది. గోడ వైపూ, ఊట వైపూ చూసింది. వీటిలో తను చేసింది ఏదీ లేదు. ఏటేటా వచ్చి, కడుపునిండా తీసుకుని, తలుపేసుకుని వెళ్ళిపోయినట్టు వెళ్ళిపోయింది.

"చెప్పు," అంది. "మీ చెల్లెల్ని తీసుకురా. నోరు ఎక్కువైతే ఊబి చూపిద్దాం. అయితే ముందు పటం ఇలా తే. ఉత్తరం ఎటో నేర్పుతాను."

నేర్పింది. మధ్యాహ్నానికి మరిసేలా గోడల మలుపులు చూసి పటంలో వేలు పెట్టి చూపగలిగింది. తర్వాత వెచ్చటి బండ మీద అలాగే నిద్రపోయింది. ఎండ జరిగి ముఖం మీద పడినప్పుడల్లా నెడ్రా ఆమె ఎర్ర టోపీని కొంచెం కొంచెంగా జరుపుతూ కూర్చుంది. ఆ మూడు గంటలూ ఆమెకు ఇంకే పనీ గుర్తు రాలేదు.

నాలుగో రోజు ఒక కాలికి బూటూ, ఒక కాలికి చెప్పూ వేసుకుని నెడ్రా బయలుదేరింది. ఆమె సంచిలో బరువైనవన్నీ మరిసేలా తన సంచిలోకి మార్చుకుంది. ప్రతి రేవు దగ్గరా కర్రతో పొడిచి చూసి మరీ దాటారు. ట్రక్కు దగ్గర నిలబడి ఉన్న వెర్ల్ ముందు అక్క కాలు చూశాడు. తర్వాత పక్క మనిషిని చూశాడు.

"బూటేది?"

"లోయకిచ్చాను. ఈమె మరిసేలా. దారి తప్పి వచ్చి నన్ను బయటికి తీసింది."

"దేనిలోంచి?"

నెడ్రా చెప్పింది. వెర్ల్ సగంలోనే టోపీ తీసేశాడు. యంత్రం మెళ్ళో ఎందుకు వేసుకోలేదని అడగలేదు. "ఏమైనా తిన్నారా అమ్మా?" అన్నాడు మరిసేలాతో. ట్రక్కులో ఉన్న ఆపిల్ పళ్ళ బుట్ట మొత్తం తెచ్చి ఆమె చేతుల్లో పెట్టాడు.

కోల్ట్ లోయకు దిగే కాలిబాట మొదట్లో ఆమె కారు ఉంది. మట్టి రోడ్డు మీద గంటన్నర ప్రయాణం. ఎప్పుడూ గతుకులను తిట్టే వెర్ల్ ఆ రోజు గతుకు వచ్చినప్పుడల్లా ట్రక్కు నెమ్మది చేశాడు. కారు దగ్గర దిగాక నెడ్రా మరిసేలాను గట్టిగా కావలించుకుంది. లోయలో రాని మాట ఇప్పుడు తేలిగ్గానే వచ్చింది.

"నువ్వు వచ్చినందుకు చాలా సంతోషం తల్లీ."

"నాకూను," అంది మరిసేలా, కళ్ళు తుడుచుకుంటూ.

"మళ్ళీ ఎప్పుడైనా దారి తప్పితే, మా ఇంటివైపు తప్పండి," అన్నాడు వెర్ల్. "రోడ్డు మీద ఆకుపచ్చ గేటు."

ఆమె నవ్వుతూ కారెక్కింది. తారురోడ్డు చేరేముందు మట్టి రోడ్డులో రెండు చీలికలున్నాయి. వెర్ల్ ఆమె వెనకే నిదానంగా నడిపాడు. మొదటి చీలిక దగ్గర ఆమె సరిగ్గానే తిరిగింది. రెండోదాని దగ్గర కారు ఆపి, కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి కుడివైపు చూపించి, ఇటేనా అన్నట్టు వెనక్కి చూసింది. నెడ్రా తల ఊపింది. కారు కుడికి తిరిగి తారురోడ్డు ఎక్కింది.