పువ్వు వెనకాల నల్లగుడ్డ

నేను ఒక నల్ల వెల్వెట్ గుడ్డను. రెండు గజాల పొడవు, గజమున్నర వెడల్పు. మీరు నన్ను చూసే ఉంటారు, చూసినట్టు మీకే తెలియదు. కడియం నర్సరీల క్యాటలాగుల్లో మల్లె, నందివర్ధనం, తెల్ల గన్నేరు ఫోటోలు చూసి "అబ్బ, ఎంత తెల్లగా ఉందో!" అంటారు కదా, ఆ పువ్వు వెనకాల ఉన్నది నేనే. పువ్వును మెచ్చుకున్నారు, ఫోటో తీసినాయన్ని మెచ్చుకున్నారు. వెనకాల గుడ్డ బాగుందని ఒక్కరంటే ఒక్కరన్నా అన్నారా? నాకు కడుపుమంట ఉందంటే ఉండదూ మరి! ముందే చెప్పేస్తున్నాను, నాది పెద్ద మనసేం కాదు.

పుట్టింది సూరత్‌లో ఏదో మిల్లులో. నా పక్క తానుకు ఎర్రరంగు పడింది, పెళ్లి కుర్చీల మీదికి పోయి పన్నీరు చల్లించుకుంది. నన్ను మాత్రం నల్లరంగు తొట్టిలో ముంచి తీశారు. అక్కణ్నుంచి రాజమండ్రి తాడితోటలో ఒక బట్టల కొట్టుకు వచ్చి, పై అరలో మూలకు రెండేళ్లు పడి ఉన్నాను. శుభమా అని బట్టలు కొనడానికి వచ్చిన వాళ్లు నల్లగుడ్డ వైపు చూస్తారా? చెయ్యి తగిలితే చాలు, వెనక్కి తీసుకుని తుడుచుకునేవారు.

ఒకరోజు కొట్టు తెరిచీ తెరవగానే ఒకాయన వచ్చాడు. బక్కపల్చని మనిషి, భుజాన కెమెరా సంచీ. పేరు తాతబ్బాయి. నర్సరీల వాళ్లకు పూల ఫోటోలు తీస్తాడు. నన్ను దింపించి, నా నూగు మీద ఒకసారి అరచేత్తో కిందికి నిమిరి, "రెండు గజాలు కోయండి" అన్నాడు.

కొట్టాయన గాభరాపడిపోయాడు. "పొద్దుపొద్దున్నే నల్లగుడ్డతో బోణీయేంటండి బాబూ! మా ఆవిడికి తెలిత్తే నన్ను కొట్లోంచి గెంటేత్తాది. ముందో తెల్ల తువ్వాలు తీసుకోండి. ఆ తరవాత ఎన్ని గజాలంటే అన్ని గజాలు కోసిత్తాను."

"ఆయ్, అలాగేనండి" అని ఆయన నవ్వుతూ తువ్వాలు కొన్నాడు. అదిగో, నా బతుకు అక్కడే తేలిపోయింది. నన్ను కొనడానికి వచ్చిన మనిషి చేత ముందు తెల్లదాన్ని కొనిపించారు. ఆ తువ్వాలు ఆయన భుజమెక్కింది. నేను కాగితం పొట్లంలో సంచీలోకి పోయాను.

పని చెబుతాను వినండి. తెల్ల పువ్వును ఊరికే ఫోటో తీస్తే వెనకాల ఆకులు, కుండీలు, ఆకాశం అన్నీ వచ్చి మీద పడతాయి. పువ్వు వాటిలో కలిసిపోతుంది. అందుకని ఎండ ఎక్కకముందే తాతబ్బాయి మొక్క వెనకాల రెండు వెదురు కర్రలు పాతి, వాటికి నన్ను కట్టేవాడు. తర్వాత నా నూగును పైనుంచి కిందికి అరచేత్తో దువ్వేవాడు. నూగు ఎదురు తిరిగితే నేను బూడిదరంగులో మెరుస్తాను, సరిగ్గా దువ్వితేనే చిక్కటి నలుపు. అంటుకున్న నూలుపోగుల్ని కూడా ఒక్కొక్కటే గిల్లి తీసేవాడు. అంత ఓపికగా నన్ను ముట్టుకున్న మనిషి ఇంకొకరు లేరు. ఆ అయిదు నిమిషాల కోసమే నేను బతికానంటే నమ్మండి.

తర్వాత ఆయన కెమెరా దగ్గరికి వెళ్లి వెలుగు తగ్గించుకునేవాడు. "తెల్లపువ్వుకి ఎలుగెక్కువైతే సున్నం ముద్దేనండి, రేకలు కనపడవు" అని నర్సరీ వాళ్లకు చెప్పేవాడు. "తెల్లదాన్ని తెల్లగా చూపించేది ఎనకాల నలుపేనండి" అని కూడా అనేవాడు. ఆ మాట విన్నప్పుడల్లా పొంగిపోయేదాన్ని. కెమెరా టిక్కుమనగానే మాత్రం అందరూ పువ్వు చుట్టూ చేరేవారు. సాయంత్రానికి వాడిపోయే ముఖానికి ఎంత వైభోగం! నన్ను మడిచి సంచీలో కుక్కేవారు. ఫోటోలో నేను బాగా కుదిరానంటే నేను కనపడలేదని అర్థం. ఏ మూలో ఒక ముడత కనపడితే చాలు, ఫోటో పాడైందనేవారు. చూడండి అన్యాయం! నాకు జీవితంలో ఒకే ఒక్క కోరిక ఉండేది. ఒక్క ఫోటోలోనైనా నేనూ కనపడాలి.

పద్నాలుగేళ్లు అలా గడిచాయి. అప్పుడు తాతబ్బాయికి కుడిచెయ్యి వణకడం మొదలైంది. మొదట కాఫీ గ్లాసులో తెలిసింది, తర్వాత ఫోటోల్లో. ఆయన కూతురు ప్రవల్లిక డిగ్రీ అయిపోయి ఇంట్లోనే ఉంది. ఇంటి ముందుగదిలో ఉన్న స్టూడియో ఆ పిల్ల చేతికి వచ్చింది. దాంతోపాటే ఒక కంప్యూటరు కూడా వచ్చింది.

ఆ వచ్చిందాని టెక్కు చూడాలి! బల్ల మీద కూర్చుంది, పసుపూ కుంకుమా పెట్టించుకుంది. ప్రవల్లిక ఇప్పుడు కర్రలు పాతదు, గుడ్డ కట్టదు. పువ్వును ఎక్కడ పడితే అక్కడ ఫోటో తీసుకొచ్చి, తెర మీద పువ్వు అంచు వెంట గీత గీసి, వెనకాల ఉన్నదంతా చెరిపేసి, ఆ ఖాళీలో నలుపు పోసేది. గుడ్డ లేకుండా నలుపు! నూగు లేదు, దువ్వేది లేదు. మౌస్ అని దానికో పిల్ల ఉంది, అరచేతిలో ఇమిడేంత. ప్రవల్లిక చెయ్యి రోజంతా దాని మీదే ఉండేది. నాకు ఒళ్లు మండిపోయింది. ఇంతటితో అయిందా అంటే లేదు. "దుమ్ము పడకుండా దీన్ని కప్పుదాం" అని ఒకనాడు నన్ను తెచ్చి ఆ కంప్యూటరు మీదే కప్పింది. సవతికి నేను దుప్పటినయ్యాను! కిటికీ పక్కన బల్ల కావడంతో రోజూ ఎండ పడి నా రంగు వెలిసి, ఒక పక్కంతా ఇటుకరంగుకు తిరిగింది.

నా జబ్బే తాతబ్బాయికీ పట్టుకుంది. ఆయన కుర్చీలో వీధి వైపు తిరిగి కూర్చునేవాడు. "నాన్నా, ఈ ఫోటో ఒకసారి చూడు" అని కూతురు పిలిస్తే, "నీకు తెల్దేటమ్మా" అనేవాడు తప్ప తెర వైపు తిరిగేవాడు కాదు.

అలాంటి రోజుల్లో పల్లాలమ్మ గారు వచ్చింది. కడియపులంకలో చిన్న నర్సరీ ఆవిడది. గింజ నుంచి లేచిన నందివర్ధనం మొక్క ఒకదాన్ని ఆరేళ్లుగా పెంచుతోంది. దాని పువ్వులో రేక రేకకూ మొదట్లో వెంట్రుకంత పచ్చగీత ఉంటుందట. మామూలు నందివర్ధనంలా విరగబూయదు, ఏడాదికి నాలుగు పూలంటే గొప్ప. అలాంటి నందివర్ధనం ఇంకెక్కడా లేదని ఆవిడ నమ్మకం. ఇంట్లో వాళ్లు నమ్మరు. పూల ప్రదర్శన సంఘానికి ఫోటో పంపితే, వాళ్లు కొత్త రకమని ఒప్పుకుంటే మొక్క ఉంటుంది. లేకపోతే పీకేసి ఆ జాగాలో వేరే మొక్కలు పెట్టేస్తామన్నారు ఆవిడ కొడుకులు.

"పువ్వు బాగా ఎత్తి కనపడాలమ్మాయ్, నీదే భారం" అంది.

ప్రవల్లిక తన పద్ధతిలోనే చేసింది. ఆకులు చెరిపింది, నలుపు పోసింది, తర్వాత తెలుపు పెంచింది. చాల్లేదని ఇంకాస్త పెంచింది. తెర మీద ఆ పువ్వు ధగధగా మెరిసిపోయింది. పల్లాలమ్మ గారు చూసి రెండు చేతులూ బుగ్గలకు ఆనించుకుంది. "ఓలమ్మో, ఎంత తెల్లగుందే! మా పువ్వేనా ఇది!" అని మురిసిపోయింది. తళుకు చూసిన సంబరంలో ఆ అమ్మాయికి పచ్చగీత గుర్తు రాలేదు, ఆరేళ్లు దాన్ని పెంచిన మనిషికీ గుర్తు రాలేదు. పెరిగిన తెలుపులో ఆ గీత కాస్తా కొట్టుకుపోయింది. నేను కుర్చీ వీపు మీద వేలాడుతూ అంతా చూశాను. నోరుంటే చెప్పేదాన్నా? ఏమో, చెప్పేదాన్ని కాదేమో.

పది రోజులకు ఉత్తరం వచ్చింది. ఇది మామూలు నందివర్ధనమే, మీరు రాసిన గీత ఫోటోలో లేదు, కావాలంటే నెలాఖరులోగా ఇంకొక్క ఫోటో పంపండి అని. పల్లాలమ్మ గారు ఆ కాగితం పట్టుకుని స్టూడియో గుమ్మంలో కూలబడింది.

నాకు లోపల పండగ. బాగా అయింది సవతికి అనుకున్నాను. కానీ పల్లాలమ్మ గారు పెద్దగా ఏడవలేదు. "ఇంకొక్క మొగ్గే ఉందమ్మా ఈ ఏటికి. మావోళ్లు గునపం తీసి అరుగు మీదెట్టేరు" అని మెల్లిగా అంది. అది వినేసరికి నా పండగ చప్పబడిపోయింది.

ప్రవల్లిక ఆ ఉత్తరం తీసుకుని రెండుసార్లు చదివింది. తండ్రి దగ్గరికి వెళ్లి, "నాన్నా, నా తప్పే. నువ్వు రావాలి" అంది. తాతబ్బాయి వీధి వైపు నుంచి ఇటు తిరిగాడు. "గుడ్డేదే?" అన్నాడు.

ఆ మొగ్గ విచ్చిన పొద్దున వెదురు కర్రలకు మళ్లీ నన్ను కట్టారు. సిగ్గేసింది నాకు. సగం నలుపు, సగం ఇటుకరంగు. తాతబ్బాయి వణుకుతున్న చేత్తోనే పైనుంచి దువ్వుకుంటూ వచ్చాడు. అడుగుకు వచ్చేసరికి చెయ్యి ఆయన మాట వినలేదు. నాలుగు వేళ్లూ ఎదురు జారి, నూగులో నాలుగు గీతలు పడ్డాయి.

"ఉండమ్మా, మళ్లీ దువ్వుతాను."

"చాల్నాన్నా, ఎండొచ్చేత్తంది. ఎలుగెంత పెట్టను?"

"తగ్గించు. ఇంకా తగ్గించు. ఆఁ, కొట్టు."

ఇంటికొచ్చి తెర మీద పెట్టగానే ముగ్గురూ దగ్గరికి చేరారు. తాతబ్బాయి కుర్చీ లాక్కుని తెర ముందే కూర్చున్నాడు. పువ్వు ఈసారి మిరుమిట్లు గొలపలేదు. వెన్నలా మెత్తగా ఉంది. అయిదు రేకలకూ అయిదు పచ్చగీతలు. పల్లాలమ్మ గారు వేలు పెట్టి లెక్కబెట్టుకుంది. ప్రవల్లిక పువ్వు జోలికి పోలేదు. వెలిసిపోయిన నా ఇటుకరంగును మాత్రం మౌస్‌తో నలుపు చేసుకుంటూ వచ్చింది. సవతి దగ్గర నలుపు అప్పు తెచ్చుకోవాల్సిన గతి పట్టింది నాకు! అయినా ఆ రోజు నోరు మూసుకున్నాను.

కింది మూలకు వచ్చేసరికి మౌస్ ఆగింది. నాలుగు వేళ్ల గీతలు అక్కడ సన్నగా మెరుస్తున్నాయి.

"నాన్నా, ఇది చెరిపేసేదా?"

తాతబ్బాయి ఒళ్లో ఉన్న కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని కూర్చున్నాడు. అమ్మాయి ఆ చేతి వైపు చూసింది, తెర వైపు చూసింది.

"ఉండనీలే" అంది.

సంఘం వాళ్లు ఒప్పుకున్నారు. గునపం కొట్టంలోకి పోయింది. ఆ పువ్వుకు పల్లాలమ్మ గారి పేరే పెట్టారు. అవును మరి, దానికి పేరు కూడానూ! ఇప్పుడు తెల్ల పువ్వు వస్తే ప్రవల్లిక నన్నే కడుతుంది. దువ్వుతుంది కూడా, కానీ మౌస్‌కు అలవాటుపడిన చెయ్యి కదా, కాస్త గట్టిగా రుద్దుతుంది. మిగతా రోజుల్లో కంప్యూటరు మీద దుప్పటి ఉద్యోగమే.

ఆ ఫోటోను అద్దం బిగించి స్టూడియో గోడకు తగిలించారు. వచ్చిన ప్రతివాళ్లూ పువ్వునే చూస్తారు. చూసుకోనీండి. తాతబ్బాయి మాత్రం పువ్వును చూడడు. రోజూ పొద్దున్నే దాని ముందు నిలబడి, ఆ కింది మూల నాలుగు గీతల మీద, అద్దం పైనుంచే, తన నాలుగు వేళ్లూ ఆనించి, వణుకు తగ్గేదాకా అలాగే ఉంచుతాడు. ఎదురుగా బల్ల మీద నుంచి నేను చూస్తూ ఉంటాను.

ఇప్పుడు నా ఏడుపంతా ఆ అద్దం మీదే.