నాలుగడుగుల దూరం

గురువారం గొంతు ఆపరేషన్. “ప్రాణానికి భయం లేదు. గొంతు మాత్రం ఇలాగే ఉంటుందని చెప్పలేను” అని బ్రెమెన్ డాక్టరు ముఖం మీదే చెప్పేశాడు. ఎనభై ఒక్కేళ్ల అలివేలుమంగకు జర్మన్లలో నచ్చేదీ నచ్చనిదీ ఈ ముక్కుసూటితనమే.

అసలు ఆవిడకున్నదే గొంతు! అరవైల చివర్లో మధ్యాహ్నం రెండయ్యేసరికి ఆడవాళ్లు అంట్లు ఎక్కడివక్కడ వదిలేసి రేడియో ముందు చేరేవారు. ధారావాహిక నాటకంలో గయ్యాళి ఆడపడుచు రాజ్యం ఈవిడే. ఆ గొంతు వినపడితే చాలు, మెటికలు విరిచి శాపనార్థాలు పెట్టేవారు. రెండు సంబంధాలు పెళ్లిచూపుల్లో అలాగే తప్పిపోయాయి. “నీ పేరేంటమ్మా?” అని అడిగినావిడ జవాబు వినగానే కాఫీ గ్లాసు కింద పెట్టేసింది. మూడోసారి వచ్చిన డాక్టర్ ఆంజనేయప్రసాద్ మాత్రం రాజ్యం తిట్టొకటి అడిగి మరీ విన్నాడు. పడీపడీ నవ్వి, పెళ్లాడి, బ్రెమెన్ తెచ్చేశాడు. ఇక్కడ ఆ గొంతుకు పనేముంది? బేకరీలో రొట్టె అడగడానికీ, డాక్టరు దగ్గర టెర్మిన్, అదే అపాయింట్‌మెంటు, తీసుకోవడానికీ. ఆయన పోయి ఆరేళ్లయింది. తిడితే నవ్వే మనిషి లేకపోవడం ఎంత దిగులో ఆవిడకే తెలుసు.

నాటకాలన్నీ అప్పటికప్పుడు ప్రసారమైపోయినవే. ఒక్క టేపూ లేదు. అందుకే బుధవారం మధ్యాహ్నం పన్నెండేళ్ల మనవరాలు సరయు తన ఫోన్‌ను ఆవకాయ జాడీకి ఆనించి నిలబెట్టింది.

“అమ్మమ్మా, రాజ్యం ప్లీజ్.”

అలివేలుమంగ ముందు కిటికీ మూసింది. ఫ్రిజ్ ప్లగ్గు పీకింది. చప్పుడు చేస్తాయని గాజులు తీసి పక్కన పెట్టింది. స్టూడియో అలవాట్లు ఎక్కడికి పోతాయి!

“ఏమ్మా వదినా! పొయ్యి మీద పాలు పొంగుతుంటే నీకు పుట్టింటి ఉత్తరం కావాల్సొచ్చిందా? ఉండు, అన్నయ్యని రానీ, నీ సంగతి చెప్తా!”

అంటూనే ఒక్కో అడుగూ వెనక్కి వేసింది.

“వోహిన్, అమ్మమ్మా? ఎక్కడికెళ్తున్నావ్?”

“ఎక్కడికీ లేదే పిచ్చిమొహమా! రాజ్యం గదిలోంచి వెళ్లిపోయిందని వినేవాళ్లకి తెలియద్దూ? అందుకే మైకు ముందునుంచి నాలుగడుగులు వెనక్కెయ్యాలి. అది ఎప్పుడూ తిట్టేసి పోయేదే.”

సరయు రికార్డింగు వినిపించింది. అలివేలుమంగ రాజ్యాన్ని వినడం అదే మొదటిసారి. గొంతు దూరమైంది, ఇంకా దూరమైంది, ఆగిపోయింది. సరయు ముఖం చిన్నబోయింది.

“ఇది నాకొద్దు. నువ్వు వెళ్లిపోతున్నావ్. నోఖ్‌మాల్! మళ్లీ చెప్పు. ఈసారి రావాలి.”

రావడానికీ అడుగులే. అలివేలుమంగ నడవాలోకి వెళ్లి నిలబడింది. ఏమనాలో తోచలేదు. జీవితమంతా ఎవరో రాసిచ్చిన మాటలే పలికింది మరి. గొంతు సవరించుకుని మెల్లగా నడిచింది.

“సరయూ... తిన్నావా అమ్మా? దా, జడేస్తాను... సరయూ... ఇదిగో, వచ్చేశాను.”

సరయు ఫోన్ సంగతే మరిచిపోయి అమ్మమ్మ నడుం చుట్టేసుకుంది.

ఆపరేషన్ బాగానే జరిగింది. గొంతు తిరిగి రాదని డాక్టరు మళ్లీ ముఖం మీదే చెప్పాడు.

ఆదివారం చూడడానికి రావలసిన సరయు ఎంతకీ రాలేదు. పాత అలవాటు కొద్దీ అలివేలుమంగ ఆ పిల్లకు ఫోన్ చేసేసింది. చేశాక నాలుక్కరుచుకుంది. ఎత్తితే ఏం మాట్లాడుతుంది? కట్ చేయబోయింది.

అంతలో ఆసుపత్రి నడవా చివర సరయు ఫోన్ మోగింది. రింగ్‌టోన్ అలివేలుమంగ గొంతే.

“సరయూ... తిన్నావా అమ్మా?”

పిల్ల ఫోన్ ఎత్తడం లేదు, పరిగెత్తుకొస్తోంది. ఆ గొంతూ దగ్గరవుతోంది. తలుపు తెరుచుకుంది.

“ఇదిగో, వచ్చేశాను.”