మొదలు లేని కాగితం

బోయిగూడ బిక్షం తాత కథల్లో సగం నమ్మినా చాలు, మనిషి ఈ జన్మకు మరో అబద్ధం వినక్కర్లేదు. మిల్లులో తాను నేసిన గుడ్డ చార్మినారుకు మూడు చుట్లు వచ్చిందనీ, సమ్మెనాడు తాము వేసిన కేకకు హుసేన్ సాగర్ చేపలు ఒడ్డెక్కి చూశాయనీ చెప్పేవాడు. మనవరాలు కల్పలతకు ఇవన్నీ కంఠతా వచ్చు.

ఊరంతా సాఫ్ట్‌వేర్ జపం చేస్తున్న రోజులవి. ఆ పిల్ల బేగంపేటలో ఒక అద్దాల మేడలో నేల తుడిచేది. తుడిచే ఆడవాళ్ళు పద్నాలుగు మంది. పొద్దున ఎనిమిదికి నిలబడితే సాయంత్రం ఆరుదాకా కూర్చోకూడదు. ఆఫీసువాళ్ళ కుర్చీలకు చక్రాలుండేవి; వీళ్ళు మెట్టుమీద కూర్చున్నా తిట్లే. ఒకనాడు అయిదో నెల కడుపుతో ఉన్న కాంతమణి బకెట్ పక్కనే కళ్ళు తిరిగి పడిపోయింది.

ఆ ఆదివారమే కల్పలత అందరినీ తాత ముందు కూర్చోబెట్టింది. ముసలాయన మీసం దువ్వుకుని, ఒక్కరడిగితే తగువు, అందరూ అడిగితే న్యాయమని చెప్పాడు. కాసేపు కూర్చోనివ్వమని మేనేజరుకు అర్జీ రాశారు. మరి మొదటి సంతకం ఎవరు పెడతారు? మొదట పేరున్నవాళ్ళ మీదే మొదటి వేటు పడుతుంది. తాత అన్నం తినే పళ్ళెం తెచ్చి, కాగితం మీద బోర్లించి, చుట్టూ పెన్సిలుతో గీశాడు.

“గీత ఎంబడి పెట్టుండ్రి. బండి గీరెకు మొదలేడ, కొసేడ?”

సంతకాలు గుండ్రంగా తిరిగాయి. అందరిలో పెద్దది దేవమ్మ, మీ కాలంలో ఇట్లాంటి కాగితం మిల్లు మేనేజరుకు ఎట్లా చేరిందని అడిగింది. ఒక కాకి కిటికీలోంచి దూరి ఆయన పూరీల పక్కన పెట్టి, రసీదు కోసం నిలబడ్డదన్నాడు తాత. అందరూ పడిపడి నవ్వారు.

సోమవారం మేనేజరు గది ముందు పద్నాలుగు మందీ నిలబడ్డారు. కాగితం చేతులు మారుతూనే ఉంది. కాకి రాలేదు. చివరికి కల్పలతే తలుపు తోసింది.

మేనేజరు కాగితాన్ని రెండుసార్లు తిప్పి చూశాడు. మొదలు దొరకలేదు. పక్కన పెట్టి, తెచ్చిన పిల్ల పేరు అడిగాడు. మర్నాడు గేటు దగ్గరే ఆమె కార్డు లాక్కున్నారు. లోపల పదమూడు మంది నేల తుడుస్తున్నారు.

ఎండవేళకే ఇల్లు చేరిన మనవరాలిని చూసి బిక్షం ఏదో వేళాకోళం ఆడబోయి ఆగిపోయాడు. కల్పలత ఆయన పక్కన కూలబడింది.

“తాతా, నిజం జెప్పు. మీ కాగితం ఎవలు తీస్కవోయిన్రు?”

కాకి అందామనుకున్నాడు.

“సోమయ్య. నా పక్క మగ్గమోడు. నేనే పొమ్మన్న.”

“ఏమైండు?”

“మల్ల మిల్లు గేటు దాటలే. యాడ పని అడిగినా ఇయ్యలే. రెండో ఏడు వానల్ల పోయిండు.”

“మీరంత ఏం జేసిన్రు?”

“మగ్గాలు నడిపినం, బిడ్డా.”

“గా ముచ్చట ముందుగాల జెప్తే, పద్నాలుగు మందిమి ఒక్కపారే లోపటికి పోతుంటిమి గద తాతా.”

ఆ తర్వాతి ఆదివారం దేవమ్మ ఒక్కతే వచ్చి గడప బయటే నిలబడింది. ఆఫీసు వరండాలో ఒక స్టూలు వేశారనీ, కాంతమణి కూర్చుంటోందనీ నేలకేసి చూస్తూ చెప్పింది. కల్పలత లేచి ఆమెకు చాప వేసింది.

బిక్షం తాత సోమయ్య కథ మొదలుపెట్టాడు. అందులో చార్మినారు రాలేదు, చేపలు రాలేదు. ఎవరూ నవ్వలేదు.